మా ఓనరమ్మ అసలు పేరు

"అక్కా, ఓనరమ్మ పోయింది. పొద్దున టీ ఇద్దామని పోయిన. కుర్చీలనే ఉన్నది, కండ్లు మూసుకొని..." అంటూ ఫోన్లో ఏడ్చింది కరీంనగర్ పిల్ల. నేను ఖాళీ చేశాక ఆ ఇంట్లో నా గదిలో దిగిన అమ్మాయి. కాల్గరీలో ఆఫీసుకు బయలుదేరిన నేను ప్లాట్‌ఫాం మీద అలాగే నిలబడిపోయాను. రెండు రైళ్ళు వచ్చి వెళ్ళిపోయాయి.

కెనడా కాలేజీలకు మన పిల్లలు వెల్లువలా వచ్చిన రోజుల్లో నేనూ వచ్చాను. పడమటి తీరంలో నా కాలేజీ ఉన్న ఊళ్ళో ఎక్కడా గది దొరకలేదు. ఎదురుగా ఉన్న చిన్న దీవిలో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుందని, ఫెర్రీ పడవలో ఇరవై నిమిషాలేనని ఎవరో చెబితే వెళ్ళాను. తొంభై దాటిన మనిషి, నా సూట్‌కేసు తానే లాగబోయింది.

"ఫెర్రీ నీకోసం ఆగదు. నువ్వు మాత్రం తినడానికి ఆగు" అంటూ రోజూ పొద్దున్నే ఓట్స్ జావ పెట్టేది. తన జావలో మా అమ్మ పంపిన టమాటా పచ్చడి కలుపుకునేది. ఒక్క అలవాటు మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. ఏ గదిలోకి వెళ్ళినా గుమ్మంలో ఆగి, పైకి తన పేరు చెప్పేది. లోపల ఎవరూ లేకపోయినా చెప్పేది. పోస్టులో వచ్చే కవర్ల మీద మాత్రం వేరే పేరు ఉండేది.

గాలివానకు ఫెర్రీలు ఆగిపోయిన ఒకరోజు అడిగేశాను.

"మీకు రెండు పేర్లు ఎందుకు?"

లేచి కిటికీ తలుపు మూసి వచ్చి కూర్చుంది. తరువాత చెప్పింది.

ఆడపిల్లలు బేస్‌బాల్ ఆడితే వింతగా చూసే కాలంలో, ఊరూరూ తిరిగి ఆడిన తొలి జట్లలో ఆమె పిచర్. ఆమె విసిరే బంతికి మగవాళ్ళే జంకేవారట. ఒక మధ్యాహ్నం చెయ్యి జారిన బంతి, బ్యాటు పట్టి నిలబడిన అమ్మాయి కణతకు తగిలింది. అప్పట్లో హెల్మెట్లు లేవు. ఒక కన్ను అప్పుడే పోయింది. రెండోది ఏడాది తిరగకుండానే పోయింది. మా ఓనరమ్మ మళ్ళీ బంతి ముట్టలేదు.

"ఇది ఆ అమ్మాయి ఇల్లు. క్షమించమని అడగడానికే ఈ దీవికి వచ్చాను. తనే తలుపు తీసి 'ఎవరు?' అంది. నా పేరు నోట్లోంచి రాలేదు. ఏదో పేరు చెప్పాను. 'ఇంటిపనికి వచ్చావా?' అంది. అవునన్నాను."

ముప్పై ఎనిమిదేళ్ళు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. వచ్చింది ఎవరో చూపులేని ఆవిడకు తెలియాలని, ప్రతి గుమ్మంలో ఆగి ఆ అబద్ధం పేరే చెప్పింది. ఉత్తరాలు చదివి వినిపించింది, చెయ్యి పట్టుకుని సముద్రం ఒడ్డున నడిపించింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉంది. చెప్పకముందే ఆవిడ పోయింది. లాయరు వచ్చి వీలునామా చదివాడు. ఇల్లు మా ఓనరమ్మకే రాసింది. అసలు పేరుతో.

"అంటే ఆవిడకు తెలుసా?" అన్నాను.

"ఎప్పుడు తెలిసిందో నువ్వు చెప్పు అమ్మాయీ! మొదటిరోజు గుమ్మంలోనేనా? నా చెయ్యి పట్టుకున్నప్పుడా? చివరిదాకా ఆ అబద్ధం పేరుతోనే పిలిచింది. క్షమించి పిలిచిందా, శిక్ష వేసి పిలిచిందా?"

  అప్పటికి నేను ఒక సెమిస్టర్ తప్పిన సంగతి ఇంట్లో దాచాను. ఓనరమ్మకు తెలుసు. ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి, "రేపు అనకు" అంది. అమ్మకు చెప్పి ఏడ్చాను. చెప్పగలిగానంటే ఆమె చలవే.

ఉద్యోగం వచ్చి కాల్గరీ వెళ్ళే ముందు వారం, స్కూలు గ్రౌండుకు తీసుకెళ్ళమని అడిగింది. బెంచీ మీద కూర్చున్నాం. ఆడపిల్లలు బేస్‌బాల్ ఆడుతున్నారు. పిచర్ చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆమె వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకునేవి. ఆట అయిపోయింది. పిల్లలు సైకిళ్ళెక్కి వెళ్ళిపోయారు.

"వెళ్దామా?" అన్నాను.

కదల్లేదు. బ్యాటు పట్టినవాళ్ళు నిలబడే చోట, మట్టిలో చిన్న చిన్న బూట్ల గుర్తులున్నాయి. ఆమె అక్కడికే చూస్తూ, నాకు వినపడకుండా ఎవరితోనో మాట్లాడుతోంది. నా మణికట్టు మాత్రం వదల్లేదు.