డెస్ పొక్లెయినూ, హుహానా మలుగులూ

డెస్మండ్ హాలొరన్‌ని మా మైదానంలో అందరూ డెస్ అనే పిలిచేవారు. ప్రాంతీయ కౌన్సిల్ మురుగు కాలువల్లో పొక్లెయిన్‌తో నాచూ పూడికా తీయడం అతని పని. న్యూజిలాండ్‌లో మాది బాగా పల్లపు నేల. ఒకప్పుడు అంతా చిత్తడి, ఇప్పుడు పాడి ఆవుల మేత. కాలువ పూడిందంటే ఒక్క గట్టి వానకే గొడ్లు నీళ్ళలో నిలబడతాయి. అందుకే డెస్‌కి తన పనంటే గౌరవం. పెళ్ళి చేసుకోలేదు. పని ఏ కాలువ మీద పడితే అక్కడికి తన బండి ఇంటిని లాక్కెళ్ళి, గట్టు మీదే వండుకుని, గట్టు మీదే పడుకునేవాడు. నేను అదే కౌన్సిల్లో నీటి పరీక్షలూ చేపల లెక్కలూ చూసేదాన్ని. సీసాలు నింపుకోవడానికి వెళ్ళినప్పుడల్లా నాకు టీ కాచి ఇచ్చేవాడు. మాటలు మాత్రం పొదుపు.

ఒక వేసవి చివర, తూర్పు కాలువలో పని నడుస్తోంది. డెస్ నాచు తోడి గట్టు మీద గుమ్మరించి, అద్దంలో చూసేసరికి వెనకాల ఒక ఆవిడ. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చేతిలో ప్లాస్టిక్ బకెట్టు. వంగి బురదలో చేతులు పెట్టి కెలుకుతోంది. డెస్ యంత్రం ఆపి తల బయటికి పెట్టాడు.

“ఏమండీ! ప్రాణం మీద తీపి లేదా? ఈ చెయ్యి ఓసారి తిరిగిందంటే పక్కూళ్ళో పడతారు!”

“తిప్పేది నువ్వే కదా. చూసుకుని తిప్పు.”

“ఇంతకీ ఏం వెతుకుతున్నారు?”

“మా వాళ్ళని.” ఆవిడ నాచులోంచి పాములా మెలికలు తిరుగుతున్న మలుగుచేపనొకదాన్ని పైకెత్తింది. “నువ్వు గట్టున పారేసి పోతున్నావు. వీళ్ళు ఎండకి మాడి చస్తున్నారు.”

ఆవిడ పేరు హుహానా. మావోరీ, ఈ దేశపు మూలవాసుల మనిషి. ఆ నేల చిత్తడిగా ఉన్నప్పుడు ఆమె తాతముత్తాతలు మలుగులు పట్టుకునే బతికారు. భర్త పోయాక కాలువ పక్కనే చిన్న ఇంట్లో ఒక్కతే ఉండేది.

“నేను తియ్యకపోతే కాలువ పొంగి మునిగేది మీ ఇల్లే,” అన్నాడు డెస్, కాస్త రోషంగా.

“తెలుసు నాయనా. పోయినేడు మా మేనల్లుడి ఆవులు పొదుగుల్దాకా నీళ్ళలో ఉన్నాయి. నిన్ను మానమన్నానా? నువ్వు తీసుకుంటూ పో, నేను ఏరుకుంటూ వస్తా.”

డెస్ ఆ పూట మళ్ళీ యంత్రం ఎక్కాడు గానీ, కుప్ప పోసినప్పుడల్లా అద్దంలో వెనక్కి చూస్తూనే ఉన్నాడట. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తను గుమ్మరించిన కుప్పల్లో ఏముందో ఏనాడూ దిగి చూడలేదు. మర్నాటినుంచి ప్రతి కుప్పా పోశాక యంత్రం ఆపి, కిందికి దిగి ఆమెతోపాటు వెతకసాగాడు. మొదట్లో మలుగు పట్టుకోవడం చేతకాక బురదలో కూలబడేవాడు. ఆమె గట్టు దద్దరిల్లేలా నవ్వేది.

“మెడ పిసక్కు! సబ్బుబిళ్ళ పట్టుకున్నట్టు మెల్లిగా పట్టుకో.”

“అలాగే ఆంటీ.”

“ఆంటీ ఏంటి? నీకంటే నాలుగేళ్ళు పెద్దదాన్నేమో. ఆ మాట ఇంకోసారి అన్నావంటే బకెట్టు నెత్తిన బోర్లిస్తా!”

అలా సాగుతుండగా ఒకరోజు యంత్రం పళ్ళకు పెద్ద మలుగు ఒకటి చిక్కింది. మనిషి తొడంత లావు, ముసలి ఆడమలుగు. వీపు మీద చీలిక పడింది. డెస్ మొహం తెల్లబోయింది. హుహానా తిట్టలేదు. తడిగోనెలో చుట్టి, “ఎత్తు, ఇంటికి పద,” అంది. ఆవులు నీళ్ళు తాగడానికి ఆమె పెరట్లో పాత స్నానాల తొట్టి ఒకటి ఉంది. చల్లటి నీళ్ళు నింపి అందులో వదిలి, పైకి పాకి పోకుండా చెక్క కప్పారు.

అప్పట్నుంచి పని దిగగానే డెస్ ఖీమా పొట్లంతో ఆ పెరట్లో వాలేవాడు. మొదట్లో మలుగు ముట్టలేదు. ఇద్దరూ తొట్టికి చెరోవైపు పీట వేసుకుని కూర్చునేవారు. తన తండ్రి కూలికి వెళ్ళి ఆ తూర్పు కాలువని పారతో తవ్వాడని అప్పుడే చెప్పింది హుహానా.

“చిత్తడి ఎండిపోతుంటే ఆయన గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. మళ్ళీ తెల్లారి పార భుజాన వేసుకుని వెళ్ళాడు. మాకు తిండి పెట్టాలిగా.”

డెస్ లేచి వెళ్ళి తొట్టిలో నీళ్ళు మార్చాడు.

ఈలోగా పని వెనకబడింది. కాలువల అధికారి పిప్పా ఫోన్ చేసింది.

“ఏంటి డెస్, పొక్లెయిన్ చెడిందా?”

“లేదమ్మా, బాగానే ఉంది.”

“మరి ఆలస్యం ఎందుకు?”

“మలుగులు ఏరుతున్నా.”

పిప్పా కోపంగానే వచ్చింది. కుప్పలు చూసింది, తొట్టి చూసింది. హుహానా పెట్టిన రొట్టె తింది. రైతులకి మాటిచ్చాను, వానలు ముంచుకొస్తున్నాయి అని తన బాధ తనూ చెప్పుకుంది. ముగ్గురూ వాదించుకున్నారు. చివరికి ఈ ఏడు కాలువకి ఒక వైపే నాచు తీసి, రెండో వైపు మలుగులు దాక్కోవడానికి వదిలేద్దామని పిప్పాయే అంది. నీళ్ళు పారతాయా లేదా చూసే పని నాకు అప్పగించింది. ఆ తర్వాత వచ్చిన చలికాలమంతా కొలిచాను. రెండు చోట్ల పొంగాయి. అక్కడ మళ్ళీ రెండు వైపులా తీయాల్సి వచ్చింది. మిగతా అంతా బాగానే పారింది.

ఆ చలికాలానికి ముందే, శరదృతువులో మొదటి పెద్ద వాన పడినరోజు మలుగు తొట్టిలో గిరగిరా తిరగడం మొదలెట్టింది. గాయం మాని మచ్చ కట్టింది. దూరసముద్రానికి పోయి గుడ్లు పెట్టే వేళ అది. పెడితే ఇక తిరిగిరాదు. ఇద్దరూ గోనెలో మోసుకెళ్ళి కాలువ సముద్రంలో కలిసే చోట వదిలారు. హుహానా తన భాషలో ఏదో పాడింది. డెస్ టోపీ తీసి పట్టుకుని వానలో నిలబడ్డాడు.

తిరిగొస్తుంటే అతను తడబడుతూ అన్నాడు: “ఇక నీ పెరట్లోకి రావడానికి నాకు వంకేమీ లేదు. పెళ్ళి చేసుకుందామా?”

హుహానా ఖాళీ గోనె పిండి అతని భుజాన వేసింది. “పెళ్ళి నాకోసారి అయింది, చాలు. నీ బండి తెచ్చి నిమ్మచెట్టు పక్కన పెట్టుకో. రాత్రి గురక పెడితే మాత్రం గట్టుకే పొమ్మంటా.”

బండి ఆ వారమే వచ్చింది. చలి ముదిరాక మనిషి ఇంట్లోకి మారాడు, బండి బయటే ఉండిపోయింది. ఏళ్ళ తరబడి యంత్రం రొదలో కూర్చున్నందుకు డెస్‌కి చెవులు మందగించాయి. దాంతో వాళ్ళ కాపురమంతా అటు వెళ్ళేవాళ్ళకి వినపడుతుంది. మొన్న నేను దారిన పోతుంటే కిటికీలోంచి ఆమె గొంతు:

“దుప్పటి కప్పుకో అంటున్నా! చలి!”

“ఏంటి? పులా?”

“నీ మొహం! ఇలా రా, నేనే కప్పుతా.”