కాగితం కోసిన కత్తెర

ఆ మందిరంలో చీటీల పెట్టె తాళంచెవి ఎప్పుడూ చదువురాని మనిషి దగ్గరే ఉండాలని నియమం. ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు కానీ ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు. నోటితో చెప్పుకోలేనివి మనుషులు చీటీ మీద రాసి పెట్టెలో వేస్తారు. శనివారం మధ్యాహ్నం పెట్టె తెరిచి, వాటిని పెరట్లో ఇనప మూకుడులో వేసి కాలుస్తారు. పొగ పైకి వెళ్తుంది. ఈలోగా ఏ మనిషి కన్నూ వాటి మీద పడకూడదు.

పిచిక వాళ్ళ అమ్మమ్మకు ఆ ఉద్యోగం అలా వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఆ తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతోంది. మందిరం వెనక ఒక గది, ఒక కిటికీ, గుమ్మం పక్కన నీళ్ళ పంపు ఆ ఉద్యోగంతో పాటు వచ్చినవే. "నాకు అక్షరం ముక్క రాదు" అని ఆమె చెప్పే తీరు చూస్తే పట్టా తీసి చూపిస్తున్నట్టు ఉండేది.

పిచిక అసలు పేరు బడి రిజిస్టరులో ఎక్కడో ఉంది. తండ్రి లారీ ఎక్కి వెళ్ళి తిరిగి రాలేదు. తల్లికి వేరే ఊళ్ళో వేరే సంసారం. తొమ్మిదో తరగతిలో తోటిపిల్ల పన్ను ఊడగొట్టినందుకు బడివాళ్ళు పంపించేశారు. పదహారేళ్ళు వచ్చేసరికి ఆమెకున్న పనల్లా మందిరం ఊడవడం, చీటీలు కోయడం. పక్కవీధి ప్రెస్సువాళ్ళు ఒకవైపు అచ్చయిన కాగితాలు ఇచ్చేవాళ్ళు. వాటిని అరచేతి పాటి ముక్కలుగా కోసి పెట్టె పక్కన పేర్చాలి.

శనివారం అమ్మమ్మ చీటీలన్నీ ఒక సంచిలోకి ఒంపి పిచిక చేతికిచ్చి, మూకుడు కడగడానికి వెళ్ళేది. మనవరాలికి చదువొచ్చన్న సంగతి ఆ ముసలావిడకు తట్టనే లేదు. బడిలోంచి పంపేసేటప్పుడు వచ్చిన చదువు కూడా వాళ్ళే ఉంచేసుకుని ఉంటారనుకుందో ఏమో.

పిచిక సంచి పట్టుకుని మెట్ల కింద కూర్చునేది. పైన రంగుటద్దంలోంచి ఎర్రగా, నీలంగా దిగే వెలుతురులో దుమ్ము నిదానంగా తిరుగుతుండేది. ఒక్కో చీటీ విప్పుతుంటే మనిషి పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు ఉండేది. 'మా ఆయన నాతో ఒక్కమాట మాట్లాడేలా చెయ్యి.' 'ఇంటి యజమాని కుక్క చచ్చిపోవాలి. నొప్పి లేకుండా.' 'నాకు దిగులు లేదు. ఊరికే రాస్తున్నాను.' చదివాక వీధిలోకి వెళ్తే మనుషులందరూ నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు కనిపించేవాళ్ళు. పెదవులు కదిలేవి, కూరగాయల బేరాలు జరిగేవి. పిచికకు మాత్రం వాళ్ళ పక్కనే ఒక్కో వాక్యం తేలుతూ వస్తున్నట్టుండేది.

బస్టాపు దగ్గర గొడుగు కింద తాళాలోడు కూర్చునేవాడు. మారుతాళాలు చేసే ఇరవయ్యేళ్ళ కుర్రాడు. వాడి దగ్గర గొప్ప కోసం ఒకరోజు నోరు జారింది.

"రేపు ఆ మేడింట్లో ఎవరూ ఉండరు. ఊరెళ్తున్నారు."

"నీకెవరు చెప్పారు?"

"దేవుడికి చెప్పారు. నేను విన్నాను."

వాడు ఆకురాయి పక్కన పెట్టి ఆమెను మొదటిసారి సరిగ్గా చూశాడు.

దూరప్రయాణం పెట్టుకున్నవాళ్ళు, ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు ఇల్లు జాగ్రత్తగా చూడమని చీటీలో తప్పకుండా రాసేవాళ్ళు. అలా ఏడాదిలో ఇద్దరూ నాలుగు ఇళ్ళలో దూరారు. ఎప్పుడూ మధ్యాహ్నం రెండు గంటలకే, వీధి కునుకు తీసే వేళ. వాడు రేడియో, గడియారం, ఇత్తడి కొళాయి, సంచిలో పట్టేవే తీసేవాడు. పిచిక మాత్రం ఎవరి కుర్చీలోనో కూర్చునేది. ఆ ఇంటి చీటీ తనకు తెలుసు కాబట్టి ఆ గోడలూ, ఆరేసిన తువ్వాలూ ఎప్పటినుంచో తెలిసినట్టుండేవి. కర్టెన్ ఊగుతుంటే ఇల్లు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుండేది.

"భక్తురాలా, ప్రార్థన అయితే బయల్దేరదామా?" అనేవాడు తాళాలోడు తలుపు దగ్గర్నుంచి.

అయిదో ఇల్లు బట్టలు కుట్టే మిషనక్కది. ముందుగది కుట్టుకొట్టు, వెనక గది కాపురం. చెల్లెలికి బుధవారం ఆపరేషన్ అనీ, పొద్దున పోతే రాత్రికి గానీ రాననీ రాసింది. తాళాలోడు ఇస్త్రీపెట్టె తీసుకున్నాడు. పిచిక మొదటిసారి ఒక వస్తువు తీసుకుంది. నల్లపిడి పెద్ద కత్తెర. బొటనవేలు దూరే చోట మెత్తటి గుడ్డ చుట్టి ఉంది. మందిరంలో ఉన్న కత్తెర కాగితాన్ని కోయదు, పీకుతుంది. ఇదైతే నీళ్ళలో చేపలా పోయింది. రెండ్రోజులు సరదాగా చీటీలు కోసి కొండంత పోగు పెట్టింది.

పై శనివారం మెట్ల కింద ఒక చీటీ విప్పింది.

'పోయినవి పోయాయి, తిరిగి ఇమ్మని అడగను. కత్తెర ఎవరి దగ్గరుందో వాళ్ళు దాంతో కాగితం కోయకుండా మాత్రం చూడు. మొద్దుబారిపోతుంది. పద్దెనిమిదేళ్ళు గుడ్డ తప్ప ఇంకోటి చూపించలేదు దానికి.'

ఆ చీటీ అంచు నున్నగా, తిన్నగా ఉంది. ఆ కత్తెరతో తను కోసిన కాగితమే అది.

పెరట్లోంచి అమ్మమ్మ పిలుస్తోంది. పిచికకు ఆ పిలుపు చాలా దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది. శాపం పెట్టి ఉంటే నవ్వేసి ఉండేది. ఇది కత్తెర మీద బెంగ. దానికేం చెయ్యాలో తెలియలేదు.

సోమవారం కత్తెరకు సాన పట్టించింది. ఎక్కడో దొరికిందని చెప్పి ఇచ్చేసి రావాలని లెక్క. వెళ్ళేసరికి మిషనక్క పాత మిషను తొక్కుతోంది.

"అక్కా, ఈ కత్తెర మీదేనా? పార్కు గోడ పక్కన దొరికింది."

మిషనక్క దాన్ని తిప్పి చూసి, ఒక పేలిక తీసి కోసింది. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ కోసింది.

"సాన పట్టించినట్టున్నావే."

"అవునక్కా. కాగితం కోసినా ఇప్పుడేం గుడ్డను నమలదు, చూడండి."

మిషను ఆగింది.

"కాగితం అని ఎవరన్నారు?"

పిచిక గుమ్మం వైపు చూసింది.

"ఆ మాట నేను ఒక్కచోటే రాశాను" అంది మిషనక్క. గొంతు పెంచలేదు. "అయితే మా చెల్లి గురించి రాసింది కూడా చదివావన్నమాట."

"చదివాను."

"ఆపరేషన్ ఎలా జరిగిందో తెలుసా?"

"తెలీదు."

"ఒక్కసారైనా కనుక్కోవాలనిపించలేదూ?"

పిచిక నేల మీద దారప్పోగుల్ని చూస్తూ నిలబడింది.

"బాగానే జరిగింది" అని మిషనక్క మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. "నేనెవరికీ చెప్పను. చెప్పాల్సింది నేను కాదు. శనివారం లోపు మీ అమ్మమ్మకు నువ్వే చెప్పు. లేకపోతే మళ్ళీ ఈ గుమ్మం ముందు కనపడకు."

చెబితే తాళంచెవి పోతుంది. తాళంచెవితో గది పోతుంది. ఆ వయసులో అమ్మమ్మ పరుపు చుట్టుకుని ఎక్కడికి పోతుంది? చెప్పకపోతే, పెట్టె మళ్ళీ నిండుతుంది. పిచిక మూడు రోజులు అదే ఊడ్చిన చోట ఊడ్చింది. నాలుగో రోజు ముందు బస్టాపుకి వెళ్ళింది.

"రేపు చెప్పేస్తున్నాను."

"నా పేరు కూడానా?" అన్నాడు తాళాలోడు.

"నీ పేరు కూడా."

"పిచ్చిదానా, ఎవడు అడిగాడని?" అంటూనే గొడుగు ముడిచాడు. పోతూ పోతూ ఒక సంచి ఆమె కాళ్ళ దగ్గర పడేశాడు. రెండు గడియారాలు, ఒక రేడియో. "ఇవి ఎవడూ కొనలేదు. నువ్వే పంచిపెట్టు."

శుక్రవారం మధ్యాహ్నం అమ్మమ్మ పంపు దగ్గర బిందె తోముతోంది. పిచిక ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చెప్పింది. అమ్మమ్మ తోమడం ఆపలేదు. తళతళలాడే బిందెనే మళ్ళీ తోమింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు."

"ఇరవై రెండేళ్ళు ఆ సంచి మోశాను" అంది చివరికి. "ఏముందోనని ఒక్కసారి కూడా అనిపించలేదంటే అబద్ధమే. అయినా అనిపించడం వేరు." బిందె బోర్లించింది. "చెప్పులేసుకో. పెద్దాయన దగ్గరికి పోదాం."

మందిరం పెద్దాయన మొదట తాళంచెవి అందుకున్నాడు, తర్వాత విన్నాడు. పదిహేను రోజుల్లో గది ఖాళీ చెయ్యమన్నాడు. అమ్మమ్మను ఒక్క మాట అనలేదు, ఆమె మొహం మాత్రం చూడలేదు. ఆదివారం అందరూ వచ్చాక పిచికే నిలబడి చెప్పాలన్నాడు. రాసినవాళ్ళకు తెలియాలి కదా.

ఆదివారం రంగుటద్దం వెలుతురు ఆమె పాదాల మీద పడింది. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. హాల్లో ఎవరూ దగ్గలేదు కూడా. తర్వాత మనుషులు ఆమెను తాకకుండా చుట్టూ తిరిగి బయటికి వెళ్ళారు. ఒకామె ఆగి "సిగ్గులేనిదానా" అని చాలా మెల్లగా, ప్రార్థన చేసినట్టే అంది. మేడింటావిడ తన గడియారం తీసుకుని అది నడుస్తోందో లేదో చెవి దగ్గర పెట్టుకుంది. కొందరు చూపు కలవగానే ఎర్రబడ్డారు. అందరికంటే చివర బస్సు నడిపే భారీ మనిషి మిగిలాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"నావి చదివావా?"

"ఏవి మీవో తెలీదండి."

"పచ్చ సిరా."

పిచిక తలెత్తింది. "చదివాను."

"అన్నీనా?"

"దొరికినవన్నీ."

"ఇంట్లో కూడా ఎవరికీ తెలీదు."

"నేనెవరికీ చెప్పనండి."

"అది కాదమ్మా" అన్నాడాయన. కాసేపు ఆ ఖాళీ పెట్టె వైపు చూశాడు. "ఒక మనిషికి తెలుసన్నమాట." తిడతాడేమోనని ఎదురుచూసింది పిచిక. ఆయన టోపీ పెట్టుకుని, మెట్లు దిగి, డ్యూటీకి వెళ్ళిపోయాడు.

పిచికకు ఇప్పుడు నలభై దాటాయి. గది ఖాళీ చేశాక అమ్మమ్మా తనూ మిషనక్క వెనక వీధిలో ఒక రేకుల గదిలో చేరారు. మిషనక్క పనిలో పెట్టుకుంది కానీ మొదటి ఏడాది గుండీలు తప్ప ఆమెను దేన్నీ ముట్టనివ్వలేదు. ఇప్పుడు పిచికే సొంతంగా నలుగురికి కుట్టుపని నేర్పుతోంది. మాట పదును తగ్గలేదు. పనిపిల్లలు ఆటపట్టించడానికి అడుగుతుంటారు, ఆ చీటీల్లో ఏముండేది పెద్దమ్మా అని. సూదిలోకి దారం ఎక్కిస్తూ, ఏమీ గుర్తులేదంటుంది.