హోంగ్ అక్షరం మీది చుక్క

పాలగాజు పొడుం బుడ్డి మీద మీనా రంగులతో కొండలు గీయడంలో పాంగ్ తింగ్‌యావ్‌ను మించినవాడు పెకింగ్ రాజభవనపు పనిశాలలో పుట్టలేదు. ఎవరో చెప్పగా విన్న మాట కాదిది. బొటనవేలి పొడవున్న బుడ్డి మీద ఏడు వరసల కొండలు, వాటి నడుమ మంచు, కింద వంతెన, వంతెన మీద గొడుగు పట్టిన మనిషి. ఆ మనిషికి గడ్డం కూడా ఉండేది. రంగు కరిగే వేడికీ గాజు మెత్తబడే వేడికీ మధ్య తేడా బహు కొంచెం. ఆ కొంచెంలోనే బుడ్డిని బయటికి తీయాలి. కాంటన్ నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ళలో పాంగ్ చేతిలో ఒక్క బుడ్డీ చెడలేదు. బట్టీ కాచే ముసలి జియా అతను తల ఊపితేనే తలుపు తీసేవాడు.

అంతటివాడికి, ఆ పొద్దున మూడోసారి బట్టీలో కాల్చి తీసిన బుడ్డి మీద తల పోగొట్టే తప్పు కనబడింది.

కొండల పక్కన రెండు వరసల పద్యం ఉంది. అందులో హోంగ్ అనే అక్షరం వచ్చింది. అది సింహాసనం మీదున్న చక్రవర్తి సొంత పేరులోని అక్షరం. ఎవరూ నిండుగా రాయకూడదు, చివరి చుక్క వదిలేయాలి. పాంగ్ వదిలాడు. కానీ బట్టీలో నల్లరంగు చిట్లి, సరిగ్గా ఆ ఖాళీలోనే చుక్కై కూర్చుంది. నిండు అక్షరం రాసినవాడికి తల మిగలదు. కాంటన్‌లో ఉన్న పెళ్ళాన్నీ తమ్ముళ్ళనూ కూడా వదలరు.

"రాసింది నువ్వు కాదు కదరా, నిప్పు," అన్నాడు జియా గొంతు తగ్గించి.

"ఆ నిప్పును పిలిచి సాక్ష్యం చెప్పిస్తావా అన్నా?"

గీకేద్దామంటే మచ్చ పడుతుంది, ఏం దాచావని అడుగుతారు. పగలగొడితే ముక్కలు అప్పగించాలి, ముక్క మీద అక్షరం ఉండనే ఉంటుంది. పై అధికారి హైషెన్ భోజనాల వేళకు వచ్చేస్తాడు. పాంగ్ బుడ్డిని జియా చేతికిచ్చాడు.

"మళ్ళీ లోపల పెట్టు. నేను చెప్పేదాకా తీయకు."

"కరిగిపోతుందిరా."

"కరగనీ."

ఎర్రటి వెలుగులో కొండలు జారాయి. వంతెన వంగింది, గొడుగు మనిషి మంచులో కలిసిపోయాడు. చిట్టచివర అక్షరాలు సాగి, ఏది ఏదో తెలియని నల్ల చారలయ్యాయి. అప్పుడు పాంగ్ తల ఊపాడు.

హైషెన్ రాగానే మోకరిల్లి, "నా అంచనా తప్పింది దొరా," అన్నాడు. ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. ఇరవై వెదురు దెబ్బలు వేయమన్నాడు హైషెన్.

ఆపైన ఆ గాజు ముద్దను వెలుతురుకు పెట్టి చాలాసేపు తిప్పాడు.

"పందొమ్మిదేళ్ళు తప్పని అంచనా ఇవాళే తప్పిందా?"

హైషెన్ ముద్దను బల్ల మీద పెట్టాడు.

"సరే. ఇకమీదట నువ్వు కొండలు గీయి చాలు. పద్యాల జోలికి పోకు."

తెలిసి అన్నాడో తెలియక అన్నాడో అడిగే ధైర్యం పాంగ్‌కు ఏనాడూ రాలేదు. ఆ తర్వాత గీసిన నలభై బుడ్డీలూ మెప్పు పొందినవే. కానీ అడుగున నాలుగు అక్షరాల్లో వేసే చక్రవర్తి ఏలుబడి ముద్రను కూడా, కళ్ళు ఆనడం లేదని చెప్పి, పక్కవాడి చేత వేయించాడు.