ఏసోబు మామ వెదురుకు మేమన్న ఆమెన్

నిన్న మందిరం ముందు పందిరి కోసం ఇనుప గొట్టాలు నిలబెట్టారు. గాలి వీచినప్పుడు ఒక గొట్టం నోట బొంగురుగా ఒక స్వరం లేచి ఆగిపోయింది. చేతిలోని బైబిలు మూసి అక్కడే నిలబడిపోయాను. ఏసోబు మామ గుర్తుకొచ్చాడు.

ఆయన లింగాల ఘనపూర్ దగ్గరి మా పల్లెలో సంఘ పెద్ద. నాకు వాక్యం చదవడం, పాట ఎత్తడం నేర్పినవాడు. నిజాం పటాలంలో చేరి మలయా వెళ్లి, జపానువాళ్లకు బందీగా చిక్కి, యుద్ధం ముగిశాక ఒక వెదురు వేణువుతో తిరిగొచ్చాడు. మన పిల్లనగ్రోవిలా అడ్డంగా కాదు, గడ్డం కింది నుంచి నిటారుగా పట్టుకోవాలి. అక్కడ కాపలా ఉన్న ఒక ముసలి జపాను సిపాయి తన దేశపు పాతకాలపు శాస్త్రీయ సంగీతం దాని మీద నేర్పాడట. తాళం ఉండదు. ఊపిరి నిండా ఒక స్వరం, తరువాత మౌనం. "గిదేం పాట మామా, నడుమ నడుమ సచ్చిపోతది?" అని నేను నవ్వితే, "సచ్చిపోలే బిడ్డా, జర ఆగింది. ఆగుడు గూడ పాటనే" అనేవాడు.

అవి సాయుధ పోరాటం రోజులు. సాయంత్రం చెలకల్లోంచి వినిపించే ఆ స్వరం గుట్టల్లో దాగినవాళ్లకు సైగ అని పోలీసు క్యాంపులో ఎవరో చెప్పారు. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో జమేదారు లోపలికి వచ్చాడు.

"ఊదేటోడు ఎవడు?"

"నేనే దొరా. సంఘ పెద్దను."

మాకు సంఘమంటే విశ్వాసుల సమూహం. క్యాంపువాళ్లకు సంఘమంటే తుపాకులు పట్టినవాళ్లు. జమేదారు ఆయన రెక్క పట్టుకున్నాడు. "నీ నోటితోనే ఒప్పుకున్నవ్, నడువ్." క్యాంపుకు పోయినవాళ్లు తిరిగిరాని రోజులవి.

"సంఘమంటే గీ కూసున్నోళ్లే దొరా! ప్రార్థన కొరకే ఊదుతడు" అన్నారు మా పాస్టరు అయ్యగారు.

"ప్రార్థననా? అయితే ఊదమను."

జమేదారు రెక్క వదలగానే మామ సంచిలోని వేణువు తీసి ఊదాడు. మొదటి ఊపిరి ఆగింది. చెవులు సరిగా వినబడని మార్తవ్వ అయిపోయిందనుకొని "ఆమెన్" అంది. ఆ వెనుకే అందరం అన్నాం. రెండో ఊపిరి ఆగింది. మళ్లీ ఆమెన్. ఆ తరువాత తెలిసే అన్నామో, అలవాటుకొద్దీ అన్నామో, భయంతో అన్నామో ఇప్పటికీ చెప్పలేను. జమేదారు మా ముఖాలు చూశాడు. మామను అక్కడే వదిలి, "ఇంక చెలకల ఊదితే కాల్చేస్త" అని వెళ్లిపోయాడు.

బయటికొచ్చాక ఆయన్ని అడిగాను. "మామా, గది నిజంగ ప్రార్థననేనా?"

"నేర్పినాయన బుద్ధుని కొలిచేటోడు. ఆయనకైతే ప్రార్థననే. నేనైతే ఖైదుల సచ్చిన నా తోటోళ్లను యాది చేసుకుంట ఊదుత. గది ప్రార్థననో కాదో నాకు తెల్వది."

"మరి దేవుని ఇంట్ల మనం అబద్ధమాడినట్టేనా?"

"పరేషాన్ చెయ్యకు బిడ్డా. మీరు ఆమెన్ అన్నరు, నేను బతికిన. మిగిలింది పైనున్నాయన్నే అడుగు."

అడుగుతూనే ఉన్నాను. ఎవరికి ఎత్తిందో తెలియని ఊపిరికి మేమన్న ఆమెన్‌ను ప్రభువు ఏమనుకున్నాడు? వాక్యమంతా వెదికాను, నాకు దొరకలేదు. మామ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ప్రార్థన ముగిసి అందరూ ఆమెన్ అంటుంటే నా నోరు మాత్రం ఒక ఊపిరి ఆలస్యంగా తెరుచుకుంటుంది. పక్కన కూర్చున్న కోడలు మోచేత్తో పొడిచి, "ఏందత్తమ్మా, నిద్రపోయినవా?" అంటుంది.