ఒక మంగళవారాన్ని విని వచ్చాం

మా పక్కింటి డోరతీ గారికి డెబ్బై మూడేళ్ళు. మా అత్తయ్య రాజ్యలక్ష్మి గారిదీ దాదాపు అదే వయసు. అత్తయ్య తెనాలి దగ్గర హైస్కూల్లో కుట్టు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఈసారి న్యూజెర్సీలో, పిస్కాటవేలోని మా ఇంట్లో కొన్నాళ్ళు ఉండిపోదామని వచ్చినప్పుడు, మొదటి వారంలోనే ఫెన్సు మీదుగా ఇద్దరికీ స్నేహం కుదిరింది. అత్తయ్యకి వచ్చిన ఇంగ్లీషు కొంచెం, డోరతీ గారికి వచ్చిన తెలుగు "బాగుంది" ఒక్కటే. అయినా రోజూ గంటసేపు మాట్లాడుకుంటారు.

అక్టోబరు మొదట్లో ఒక సాయంత్రం డోరతీ గారు ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆమె పుట్టి పెరిగింది పెన్సిల్వేనియా కొండల్లో, బ్రూక్‌డేల్ అనే చిన్న ఊళ్ళో. అరవైల మొదట్లో ఆ ఊరికి సొంత రేడియో స్టేషన్ ఉండేదట. సూర్యోదయంతో మొదలై సూర్యాస్తమయంతో ఆగిపోయేది. అక్కడి ఇంజనీరు ఒకాయన, కొత్తగా వచ్చిన టేపు యంత్రం ఎలా పనిచేస్తుందో చూద్దామని, ఒక మంగళవారం ప్రసారాన్ని మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేసి అటక మీద పడేశాడు. ఆ టేపులు ఇన్నాళ్ళకి బయటపడ్డాయి. ఊరి లైబ్రరీవాళ్ళు వాటిని బాగుచేయించి, వచ్చే శనివారం రోజంతా ఫైర్ స్టేషన్ హాల్లో వినిపిస్తున్నారు.

"మా అమ్మ ఆ స్టేషన్‌కి తెగ ఫోన్ చేసేది" అన్నారు డోరతీ గారు. "పాత సామాన్లు అమ్ముకునే ప్రోగ్రాం ఒకటి వచ్చేది. దానికి అమ్మ పర్మనెంట్ కస్టమర్. నా పన్నెండో ఏట పోయింది. ఫోటోలున్నాయి. గొంతే గుర్తు లేదు. ఎంత ప్రయత్నించినా రాదు."

ఆ మంగళవారం వాళ్ళమ్మ ఫోన్ చేసిందో లేదో ఎవరికీ తెలియదు. నేను తెలుగులో చెప్పగానే అత్తయ్య ఇంకో మాట లేకుండా, "వెళ్దామే సుధా. తీరా వెళ్ళాక లేకపోతే లేదు, ఊరైనా చూసొస్తాం" అన్నారు.

మావారికి ఆ వీకెండ్ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. "కొండల్లో నువ్వు డ్రైవ్ చేయొద్దు, ట్రెయిన్ బుక్ చేయి" అన్నారు. నాకూ అదే హాయి అనిపించింది.

శుక్రవారం పొద్దున పదింటికి ఎడిసన్‌లో లోకల్ ఎక్కి ట్రెంటన్‌లో దిగాం. అక్కడినుంచి పిట్స్‌బర్గ్ వెళ్ళే దూరప్రయాణం రైలు. వెళ్ళాలనుకునేవారు టికెట్లు ముందుగా బుక్ చేసుకుంటే బాగా తగ్గుతాయి, పెద్దవాళ్ళకి రాయితీ కూడా ఉంది. సీట్లు విశాలం, కాళ్ళు చాపుకోవచ్చు. క్యాంటీన్ పెట్టెలో కాఫీ తప్ప శాకాహారులకి చెప్పుకోదగ్గది లేదు. అత్తయ్య పులిహోర, పెరుగన్నం కట్టుకొచ్చారు కాబట్టి మాకు బెంగ లేకపోయింది.

ఫిలడెల్ఫియాలో ఈ రైలు వచ్చిన వైపే మళ్ళీ బయలుదేరుతుంది. అంతవరకూ ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్ళం వెనక్కి వెళ్ళడం మొదలుపెట్టాం. "డ్రైవరు ఏదో మర్చిపోయినట్టున్నాడే" అన్నారు అత్తయ్య. అది ఇంగ్లీషులో చెప్తే డోరతీ గారు నవ్వారు. ఆమె నవ్వు చిత్రంగా ఉంటుంది. ముందు చప్పుడు లేకుండా భుజాలు కదులుతాయి, ఆ తర్వాత ఎక్కిళ్ళలా బయటికొస్తుంది.

లాంకాస్టర్‌లో ఒక ఆమిష్ కుటుంబం ఎక్కింది. కరెంటు, కార్లు ఇంట్లోకి రానివ్వకుండా పాత పద్ధతిలో బతికే మనుషులు. అత్తయ్య వాళ్ళ బట్టలనే చూస్తూ, "ఆ పిల్ల గౌనుకి బొత్తాల్లేవు, గుండుసూదులు పెట్టుకుంది. గుచ్చుకోవూ?" అని నా చెవిలో అడిగారు. అడిగేదాకా ఊరుకునేలా లేరని నేనే అడిగాను. ఆ పిల్ల తల్లి సూది మొన బట్ట మడతలోకి ఎలా దూర్చాలో చేసి చూపించింది. అత్తయ్య తల ఊపి, "పనితనం" అన్నారు.

హారిస్‌బర్గ్‌లో ఎక్కిన కుర్రాడు రెండు వరసల వెనకనుంచి లేచొచ్చాడు. "అక్కా, మీరు తెలుగోళ్ళేనా? పులిహోర వాసనొచ్చింది." పేరు ప్రణయ్, ఊరు కరీంనగర్. చదువైపోయి OPT మీద, అంటే ఉద్యోగం వెతుక్కోడానికిచ్చే వీసా గడువులో ఉన్నాడు. పిట్స్‌బర్గ్‌లో ఇంటర్వ్యూకి పోతున్నానన్నాడు. అత్తయ్య ప్లేటు నింపి ఇచ్చారు. మేము ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నామో విని ఆశ్చర్యపోయాడు.

"గింత దూరం రేడియో ఇనడానికి పోతున్నరా? ఆన్‌లైన్‌ల పెడ్తరు కదక్కా?"

"పెట్టలేదు బాబూ. పెట్టినా ఒక్కర్తే కూచుని వినాలిగా ఆవిడ" అన్నారు అత్తయ్య.

వాడు డోరతీ గారి వైపు చూసి, "అవును, అదీ నిజమే పెద్దమ్మా" అన్నాడు.

హారిస్‌బర్గ్ దాటగానే సస్క్వెహానా నది మీద పొడవాటి రాతి వంతెన. అక్కడినుంచి పక్కన ఏరు, రెండు వైపులా ఎర్రబడిన కొండలు. ఈ భాగం కోసమైనా ఈ రైలు పగటిపూట ఎక్కాలి. నాలుగు దాటాక బ్రూక్‌డేల్‌లో దిగాం. మోటెల్ నడిపేది గుజరాతీ దంపతులు. అడగకుండానే అల్లం టీ ఇచ్చారు. గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది, హాలు అక్కడికి నడిచే దూరం.

శనివారం పొద్దున ఏడింటికే వెళ్ళాం. హాల్లో ముందు వేదిక మీద చెక్కపెట్టెలాంటి వాల్వుల రేడియో, దాని వెనక కనపడకుండా స్పీకర్లు. కొందరు ఆ రోజుల పద్ధతిలో జుట్టు ఎత్తుగా దువ్వి, ముత్యాల దండలు వేసుకుని వచ్చారు. లైబ్రేరియన్ కేరల్ గారు ఒకే ఒక్క నియమం చెప్పారు.

"చేతులు కట్టుకుని ఎవరూ కూర్చోకండి. రేడియో ఎవరూ అలా వినేవాళ్ళు కాదు. పనులు తెచ్చిపెట్టాం, తీసుకోండి."

నిజంగానే తెచ్చారు. ఇస్త్రీ బల్లలు, ఊడిన బొత్తాల చొక్కాలు, ఒలవాల్సిన బఠాణీలు, తుడవాల్సిన వెండి చెంచాలు. అత్తయ్య సూదీ దారం అందుకున్నారు. డోరతీ గారు బఠాణీల గిన్నె తీసుకుని, ఎదురు కుర్చీ మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. నాకు ఇస్త్రీ దక్కింది.

ముందు జాతీయగీతం. తర్వాత ఒక మగగొంతు "గుడ్ మార్నింగ్" చెప్పి వాతావరణం చదివింది. ఆ రోజు మంచు కురుస్తుందట. పాల ధర, పందుల ధర, స్కూళ్ళలో మధ్యాహ్నం ఏం పెడతారో, ముందురోజు ఆసుపత్రిలో ఎవరికి ఎవరు పుట్టారో. ఒక పేరు వినగానే హాల్లో వెనకనుంచి "అది నేనే!" అని బట్టతల పెద్దమనిషి ఒకాయన లేచి నిలబడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మధ్యమధ్య సబ్బుల పాటలు, సిగరెట్ల పాటలు. వార్తల్లో రోదసి ప్రయాణం గురించి ఒక వాక్యం, ఇంటి కింద బాంబు షెల్టర్ ఎలా కట్టుకోవాలో ఒక ప్రకటన, వెంటనే ఒక ప్రేమపాట.

"మా ఊళ్ళో పంచాయతీ ఆఫీసులో ఒకటే రేడియో" అన్నారు అత్తయ్య దారం కొరుకుతూ. "ప్యూను ఎప్పుడు తిప్పితే అప్పుడు వినాలి. మంచి పాట మధ్యలో తాళం వేసి పోయేవాడు. వాణ్ణి ఎన్ని తిట్టుకున్నానో."

తొమ్మిదిన్నరకి సామాన్లు అమ్ముకునే కార్యక్రమం వచ్చింది. డోరతీ గారి చేతులు ఆగిపోయాయి. ఎవరో బాతుల్ని అమ్ముతామన్నారు. ఎవరికో పిల్లల బండి కావాలి. ఒకావిడ పెళ్ళి గౌను ఒక్కసారే వాడానంది, యాంకరు నవ్వాడు. ఫోన్లు ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి. నేను ఇస్త్రీ పెట్టె నిలబెట్టేసి ఆమెనే చూస్తున్నాను. కార్యక్రమం అయిపోయింది, బూట్ల ప్రకటన మొదలైంది.

"సరే" అన్నారు డోరతీ గారు. "వచ్చే అవకాశం తక్కువేనని తెలుసు." మళ్ళీ బఠాణీలు ఒలవడం మొదలుపెట్టారు. అత్తయ్య కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు.

భోజనం టికెట్లోనే కలిపి ఉంది. చేప శాండ్‌విచ్, ఆకుపచ్చ జెల్లీలో ఇరుక్కున్న క్యారెట్ ముక్కలు. జెల్లీ జంతువుల ఎముకలతో చేస్తారని ముందే చెప్పాను కాబట్టి అత్తయ్య దాన్ని చెంచాతో కదిపి చూసి వదిలేశారు. శాకాహారులు చిరుతిండి వెంట తీసుకెళ్ళడం మంచిది.

ఒంటిగంట తర్వాత వంటల కార్యక్రమం. యాంకరమ్మకి ఒకావిడ ఫోన్ చేసింది. 'యాపిల్ పై' అనే తీపివంట కోసం పిండి ఒత్తితే ప్రతిసారీ విరిగిపోతోందట.

"నీళ్ళు ఎన్ని పోస్తున్నారు?" అంది యాంకరమ్మ.

"చూసి పోస్తాను."

"ఏం చూసి?"

అవతల ఒక క్షణం నిశ్శబ్దం. తర్వాత ఎక్కిళ్ళలాంటి నవ్వు.

అత్తయ్య సూది గాల్లోనే ఆగింది. "డోరతీ దేనికి నవ్విందే?"

"డోరతీ గారు నవ్వలేదత్తయ్యా. రేడియోలో."

"కాదే సుధా, అది డోరతీ నవ్వే!"

డోరతీ గారు తలెత్తి మా ఇద్దరినీ చూశారు. ఆమెకి ఏమీ అర్థం కాలేదు. ఆ గొంతును ఆమె పోల్చుకోలేదు. అప్పుడు రేడియోలో ఆవిడ అంది: "నాకు లెక్క తప్పేలా చేసేది మా అమ్మాయి. గవదబిళ్లలొచ్చి స్కూలు మానేసి సోఫా మీద పడుకుని మీ ప్రోగ్రామే వింటోంది. డాటీ! రేడియోలో చెప్తున్నా, ఇప్పుడైనా విను. సోఫా మీంచి కాళ్ళు కిందికి దించు!"

డోరతీ గారు కుర్చీ మీంచి కాళ్ళు కిందికి దించేశారు.

దించాక గానీ ఆమెకి తెలియలేదు, తానేం చేశారో. చేతిలో గిన్నె ఒళ్ళోకి ఒరిగి బఠాణీలు నేలంతా దొర్లాయి. యాంకరమ్మ చల్లటి నీళ్ళు పోయమని చెప్పి, ఆవిడకి థాంక్స్ చెప్పి పెట్టేసింది. మొత్తం రెండు నిమిషాలు కూడా లేదు.

"డాటీ అంటే నేనే. ఇంట్లోనే ఉన్నాను" అన్నారు డోరతీ గారు. "ఇది నేను విన్నాను. అప్పుడే విన్నాను." ఆమె అత్తయ్య చెయ్యి పట్టుకున్నారు. "నాకే తెలియలేదు రాజీ. నీకెలా తెలిసింది?"

అత్తయ్య తనకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "ఇంగ్లీష్ నో. లాఫ్, సేమ్" అన్నారు.

అప్పుడు ఏడ్చారు డోరతీ గారు. నవ్వుతూనే ఏడ్చారు. చుట్టుపక్కలవాళ్ళు సంగతి తెలిసి ఒక్కొక్కరే వచ్చి భుజం తట్టారు. కేరల్ గారు ఆ భాగం ఈమెయిల్లో పంపుతానన్నారు. ఆ తర్వాత మేం ముగ్గురం నేల మీద కూర్చుని బఠాణీలు ఏరుకున్నాం.

స్కూళ్ళు వదిలే వేళకి కుర్రకారు పాటలు మొదలయ్యాయి. ముసలివాళ్ళంతా లేచి ట్విస్ట్ డాన్సు చేశారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నడుం పైభాగంతో సరిపెట్టుకున్నారు. డోరతీ గారు అత్తయ్యని లాక్కెళ్ళారు. "సిగరెట్ పీకని కాలితో ఆర్పినట్టు తిప్పు" అని నేర్పిస్తుంటే, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని అత్తయ్య తిప్పారు, నిజంగానే తిప్పారు. వీడియో తీశాను కానీ ఎవరికీ పంపొద్దని ఆజ్ఞ.

పొద్దుగూకుతుండగా ఆ మగగొంతే మళ్ళీ వచ్చి సెలవు తీసుకుంది. అందరం నిలబడ్డాం. జాతీయగీతం అయ్యాక గరగరమని చప్పుడు కాసేపు, ఆపైన ఏమీ లేదు. లైట్లు వేసేదాకా ఎవరూ కదల్లేదు.

ఆదివారం పొద్దున తిరుగు రైలు. డోరతీ గారికి కిటికీ సీటిచ్చాం. ఆమె బయటికి చూస్తూ అప్పుడప్పుడు అత్తయ్యకి ఏదో చెప్తున్నారు. గవదబిళ్లలప్పుడు వాళ్ళమ్మ మెడకి చుట్టిన ఉన్ని గుడ్డ, అది గీరుకోవడం. ఒకటి గుర్తొస్తే దాని వెనకే ఇంకొకటి వస్తోందట.

నేను చాలా చోట్లు తిరిగాను. జలపాతాలు చూశాను, పెద్ద పెద్ద మ్యూజియాలు చూశాను. కానీ బ్రూక్‌డేల్‌లో విన్నది ఏ విశేషమూ లేని రోజు. ఎవరూ దాచుకోవాలని అనుకోని రోజు. అందులో పందుల ధర ఉంది, బూట్ల ప్రకటన ఉంది, ఒక తల్లి కూతుర్ని కసిరిన కసురు ఉంది. ఇంతకన్నా ముఖ్యమైనది ఏదీ నేను టికెట్ కొని చూసినట్టు గుర్తు లేదు.

లాంకాస్టర్ దాటాక ఫోనులో రికార్డర్ ఆన్ చేసి అత్తయ్య ముందు పెట్టాను.

"ఏదైనా చెప్పండి అత్తయ్యా."

"ఏం చెప్పనే?"

"మీ ఇష్టం."

"ఇంట్లో పెరుగు లేదు. మా వాడు ఈ రెండ్రోజులూ బయట తిని ఉంటాడు. దిగగానే పాలు కొనుక్కుని వెళ్దాం. తోడు పెడితే పొద్దునకి అవుతుంది. ఈ చలికి తోడుకోదు, ఓవెన్‌లో లైటు వేసి పెట్టాలి. గిన్నె మీద మూత మాత్రం పూర్తిగా పెట్టకు, ఎన్నిసార్లు చెప్పినా పెట్టేస్తావు…"

"వాట్ ఈజ్ షీ సేయింగ్?" అన్నారు డోరతీ గారు.

"పెరుగు గురించి" అన్నాను.

ఆమె "బాగుంది" అన్నారు. అత్తయ్య ఇంకా మూత సంగతే చెప్తున్నారు. నేను రికార్డింగ్ ఆపలేదు.