ఎదురు కొండ మీద అమ్మ చెయ్యి

మా చిన్నప్పుడు... అరకు దగ్గర మా ఊరి బడికి ఎదురుగా గెడ్డ, అంటే చిన్న ఏరు, అది దాటితే కొండ వాలు. అక్కడే అందరి పోడు చేలూ. ఇంటర్వెల్ గంట వినపడగానే, చోళ్ళ చేలో, అదే రాగి చేలో, కలుపు తీస్తున్న అమ్మలు నడుం ఎత్తి, తలగుడ్డ విప్పి ఊపేవారు. పిల్లలు వరండా అంచున నిలబడి చేతులు ఊపేవారు. అదే పలకరింపు.

నేను మాత్రం ఊపేదాన్ని కాదు. నాకక్కడ కనపడేది పచ్చ దుప్పటి ఆరేసినట్టు ఒక కొండ... అంతే. అందరికీ అలాగే ఉంటుందనుకునేదాన్ని. చేతులు ఊపడం ఏదో ఆట అనుకున్నాను. బోర్డు మీద అక్షరాలైనా పక్కపిల్ల పలకలో చూసి రాసుకోవడమే.

సాయంత్రం అమ్మ మొహం చిన్నబోయేది.

"బడికెల్లినాక అమ్మంటే సిగ్గొచ్చిందేటే నీకు?"

అసలే నాకు నోరు తక్కువ. తల దించుకుని పొయ్యిలోకి పుల్లలు ఎగదోసేదాన్ని.

పోనీ, అమ్మ సంతోషిస్తుంది కదా అని ఒకరోజు అందరితో పాటు నేనూ గట్టిగా ఊపాను.

వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. అమ్మ... నేను మరిచిపోయిన అంబలి గిన్నె పట్టుకుని బడికే వచ్చింది.

"ఎవులికే ఊపుతన్నావు?"

"నీకే..."

పిల్లలు పడీపడీ నవ్వారు. అమ్మ నవ్వలేదు. నా గడ్డం పట్టుకుని కొండకేసి తిప్పింది.

"ఆ ఎర్రకోక ఎవులిదే?"

"ఎర్రకోక ఎక్కడమ్మా?"

అమ్మ నా గడ్డం వదిలేసింది. "ఇన్నాళ్ళూ నాను అగుపడనేదేటే నీకు..." అంది.

నాన్న బస్సులో విశాఖపట్నం తీసుకెళ్ళి కళ్ళజోడు వేయించాడు. మా పక్కింటి అత్త బుగ్గలు నొక్కుకుంది.

"ఆడగుంటకి కళ్ళజోడేటి వదినా? రేపెవుడు సేసుకుంతాడు?"

"ముందు నన్ను సూడనీ. సేసుకునీవోడి సంగతి తరవాత" అంది అమ్మ.

మర్నాడు ఇంటర్వెల్‌లో కొండ మీద ఒక తెల్ల తలగుడ్డ ఊగింది. దాని కింద మా అమ్మ, ఇంత చిన్నగా... నేను రెండు చేతులూ ఎత్తి ఊపాను. అమ్మ ఊపడం ఆపేసి, చేలో అలాగే కూలబడిపోయింది. మొహానికి తలగుడ్డ అడ్డం పెట్టుకుంది.

ఐదో తరగతితో నా చదువు ఆగింది. కళ్ళజోడుతోనే పెళ్ళీ అయింది. ఇప్పుడు ఉంటున్నది మైదానంలో... ఎటు చూసినా చదునే. పెరట్లో నిలబడితే రోడ్డు చివరిదాకా స్పష్టంగా కనిపిస్తుంది. ఊపే చెయ్యే లేదు.

మీ అమ్మ మిమ్మల్ని దూరం నుంచి ఎలా పలకరించేది? సిగ్గుపడకుండా చెప్పండి... నేనే చెప్పాను కదా.