బిస్కెట్ లేని ముక్క

మూడేళ్ల కిందట ఒక గురువారం మా అబ్బాయి సంబంధం ఖాయం చేసుకోవడానికి చంద్రపూర్‌లో తుకుం అనే పేటలోని మరాఠీ వాళ్లింటికి వెళ్లాం. కాబోయే కోడలు తనే చేసిన చీజ్‌కేక్ తెచ్చింది, పైన మామిడిపండు ముక్కలు పేర్చి. కేకులో చీజ్ అనగానే నాకు వెగటు పుట్టింది. వద్దంటే బాగుండదని, "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు బిడ్డా" అన్నాను.

"పాలు, పండ్లే గద అత్తమ్మా, ఉపాసానికి నడుస్తది" అంటూ, తెలుగు బాగానే వచ్చిన ఆ పిల్ల అడుగున ఉన్న బిస్కెట్ పొరను గీకేసి, మిగతాది నా చేతిలో పెట్టింది. అందరూ నన్నే చూస్తున్నారు. కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నాను. వెన్నలా కరిగిపోయింది. ఇంకో ముక్క కావాలనిపించింది గానీ, ఒక్కపొద్దు అని చెప్పి ఎలా అడగను?

తర్వాత భోజనాలు వడ్డించారు. నెయ్యి కారుతున్న పూరణ్ పోళీలు, అంటే మన బొబ్బట్లు, నా ముందు నుంచే వెళ్లిపోయాయి. పొద్దున నేను నాలుగు పూరీలు తినడం చూసిన మా ఆయన తల వంచుకుని నవ్వుకుంటున్నాడు.

ఇప్పుడు కోడలు "మా అత్తమ్మకు ఎంత నిష్ఠో" అని అందరికీ చెబుతుంది. నిజం చెప్పే ధైర్యం లేక ప్రతి గురువారం ఒక్కపొద్దు ఉంటున్నాను. నాకోసం చీజ్‌కేక్ కూడా ఆ రోజే చేస్తుంది. గీకేసిన బిస్కెట్ పొర మా ఆయన తింటాడు.

మస్తుంటదట.